రెండో బంతి

మా బండారులంకలో ముప్ఫై దాటిన మనిషి "చదువుకుంటున్నాను" అంటే వినేవాళ్ళకి జాలి వేస్తుంది. మా వీధిలో నా మీద జాలి పడని గడప లేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే మా పెదనాన్న దగ్గర్నుంచి పాలు పోసే ఆవిడ దాకా అందరిదీ ఒకటే ప్రశ్న.

"ఇంకా అవ్వలేదామ్మా?"

"ఇది చదువు కాదు పెదనాన్నా, పరిశోధన."

"దేని మీద?"

"బూజు మీద."

పెదనాన్న నేత ఆపి నన్ను పైనించి కిందికి చూసేవాడు. "చిన్నప్పుడు మీ అమ్మ బూజు దులపమంటే కర్ర ముట్టుకునేదానివి కాదు. ఇప్పుడు ఏరికోరి పెంచుతున్నావన్నమాట" అనేవాడు. వీధిలో నలుగురు నవ్వేవాళ్ళు. మా అమ్మ మాత్రం నవ్వకుండా లోపలికి వెళ్ళిపోయేది.

ఆయన వేళాకోళంలో అబద్ధమేమీ లేదు. నేను పెంచుతున్నది బూజే. కొబ్బరికి ఒక తెగులుంది. నేలలో ఉండే ఒక బూజు వేళ్ళలోంచి మానులోకి ఎక్కుతుంది. మొదట మాను అడుగున ఎర్రటి బంక కారుతుంది. ఆ బంక మరక జానెడు, మూరెడు పైకి పాకుతుంది. తర్వాత కింది మట్టలు వేలాడతాయి, తల చిన్నదైపోతుంది, ఒకనాటికి చెట్టు పోతుంది. బంక కనబడేసరికే లోపల సగం పని అయిపోయి ఉంటుంది. ఇసుక నేలల్లో ఇది మరీ ఎక్కువ. ఈ చెడ్డ బూజుని తినే మంచి బూజు కూడా నేలలోనే ఉంటుంది. అందులో ఒక రకాన్ని నేను గోదావరి లంక మట్టిలోంచి తీసి, గాజు పళ్ళేల్లో పెంచి, పొడిగా చేశాను. పళ్ళెంలో అది చెడ్డ బూజుని రెండు మూడు రోజుల్లో కమ్మేసేది. పళ్ళెంలో గెలిచినంత మాత్రాన తోటలో గెలుస్తుందని లేదు. అది తోటలో నిరూపిస్తేనే నాకు డాక్టరేట్, దాని తర్వాతే ఉద్యోగం. నిరూపించలేకపోతే పెదనాన్న నవ్వు ఒక్కటే మిగులుతుంది.

నిరూపించడానికి ఒక తోట కావాలి. తెగులు సోకిన చెట్లలో సగానికి మందు పోయాలి, సగానికి పోయకుండా వదిలెయ్యాలి. రెండింటికీ తేడా కనబడితేనే మందు పనిచేసినట్టు. ఇంత చిన్న సంగతి చెప్పడానికి నేను కొత్తపేట చుట్టుపక్కల ఎన్ని తోటలు తిరిగానో. "మందు లేని చెట్లు" అనే మాట వినగానే రైతులు మర్యాదగా కొబ్బరి బొండాం కొట్టి ఇచ్చి, అంతకంటే మర్యాదగా సాగనంపేవారు.

చివరికి ఏటిగట్టు కింద ఒకాయన ఒప్పుకున్నారు. యాభై దాటిన మనిషి. గల్ఫులో ఏళ్ళ తరబడి కూలీల క్యాంపు మెస్సులో వంట చేసి వచ్చారు. నేను బాబాయిగారు అనేదాన్ని, ఆయన భార్యని పిన్నిగారు అనేదాన్ని. నేను చెప్పినదంతా తల ఊపుతూ విని, "ఆయ్, అలాగేనండి. మీరెలా చెబితే అలాగే చేద్దామండి" అన్నారు. గోదావరి మనిషి ఆయ్ అంటే విన్నానని అర్థం, ఒప్పుకున్నానని కాదు. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, నాకది తెలియాలి. ఆ రోజు సంబరంలో తట్టలేదు.

గట్టు వైపు ఉన్న చెట్లకి పట్టీలు వేశాం. మందు పోసేవాటికి నీలం పట్టీ, పోయనివాటికి తెల్ల పట్టీ. నెలకోసారి నేను అమలాపురం నుంచి బస్సెక్కి వచ్చి బంక మరక ఎంత పాకిందో కొలుచుకుని, మందు పొట్లాలు ఇచ్చి వెళ్ళేదాన్ని. నీళ్ళలో కలిపి పాదుల్లో పొయ్యడం ఆయన పని. వచ్చినప్పుడల్లా వాళ్ళింట్లోనే భోజనం. తినేముందు పిన్నిగారు పెరట్లో నూతి పక్క చెట్టు బొండాం కొట్టించి ఇచ్చేవారు. ఆయన దేశం కాని దేశంలో ఉన్నప్పుడు ఆవిడ బిందెతో నీళ్ళు పోసి పెంచిన చెట్టట అది. "తోటంతా ఆయన పేరున ఉందండి. ఇదొక్కటీ నాది" అనేవారు.

మూడో ఏడు సగం అయ్యేసరికి నాకు నిద్ర పట్టడం మానేసింది. నీలం పట్టీ చెట్లలో బంక ఎక్కడిదక్కడ ఆగింది. సంతోషించాల్సిందే. తెల్ల పట్టీ చెట్లలో కూడా ఆగింది. ఈపాటికి వాటిలో కొన్ని తల వేలాడెయ్యాలి. అవి నీలం వాటి పక్కన నిక్షేపంగా నిలబడి ఉన్నాయి. గట్టుకి అవతల వేరేవాళ్ళ తోటలో మాత్రం అదే తెగులుకి చెట్లు వరసగా పోతున్నాయి. ఫెలోషిప్ గడువు దగ్గర పడుతోంది. కమిటీ ముందు కూర్చుని, మందు పోసినా పోయకపోయినా ఒకటేనండీ అని చెప్పాలా?

మా గైడ్ మేడమ్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నా కొలతలు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ముందు నీ చేతిని అనుమానించు" అన్నారు.

అనుమానించాను. తెల్ల పట్టీ చెట్ల పాదుల్లో మట్టి తీసుకొచ్చి పళ్ళేల్లో వేశాను. నాలుగో రోజు మూత తీసేసరికి ఆకుపచ్చగా నా బూజు నన్ను చూస్తోంది. నా చేతి నుంచో గదిలోంచో అంటుకుని ఉంటుందని అన్నీ ఉడకబెట్టి, గది కడిగి, మళ్ళీ వేశాను. మళ్ళీ అదే. నా బూజుని నేను గుర్తుపట్టలేకపోవడం ఉండదు. మందు పొయ్యని పాదులోకి మందు నడిచి రాదు. ఎవరో పోస్తున్నారు.

మర్నాడు చెప్పకుండా తోటకి వెళ్ళాను. అంతకు ముందెప్పుడూ ఫోను చెయ్యకుండా వెళ్ళలేదు, వెళ్తే వాళ్ళు భోజనానికి కంగారు పడతారని. గట్టు దిగుతుంటే బాబాయిగారు కనబడ్డారు. ఎడమ చేతిలో బకెట్టు, కుడి చేతిలో పొడుగు కాడ గుంటగరిటె. అది ఆయన క్యాంపు మెస్సులో వాడిన గరిటె, వచ్చేటప్పుడు గుర్తుగా తెచ్చుకున్నారు. ఒక్కో పాదు దగ్గర ఆగి, కొంచెం వంగి, గరిటె నిండా పోసి, పక్క పాదుకి వెళ్తున్నారు. నీలమూ తెలుపూ తేడా లేదు. కంచాల ముందు వంగినట్టే వంగుతున్నారు.

"రండి మేడంగారూ, సమయానికొచ్చేరు. ఈ వరస అయితే భోజనానికి లేద్దాం."

"బాబాయిగారూ, అది తెల్ల పట్టీ."

"ఆయ్, తెల్లదేనండి."

"దానికి పొయ్యద్దని చెప్పేను కదండీ."

"చెప్పేరండి. మీరు చెప్పినట్టే నీలం వాటికి పోస్తున్నానండి. ఇయ్యి పక్కనే ఉన్నాయి కదాని ఈటికీ ఓ గరిటె."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీనండి."

"నేనిచ్చిన మందు సగం చెట్లకే సరిపోతుంది కదా."

"అందుకే నీళ్ళు ఎక్కువ కలిపేనండి. చుట్టాలు ఎక్కువొస్తే చారులో చెంబుడు నీళ్ళు పొయ్యమా? అలాగే."

నేను గట్టు మీద కూలబడ్డాను. నా మూడేళ్ళు చారులో కలిసిపోయాయి. మందు పడాల్సిన చెట్లకి సగమే పడింది, పడకూడని చెట్లకి సగం పడింది. ఇక ఆ తోటలో దేన్ని దేనితో పోల్చినా అర్థం లేదు. నాకు కోపం వస్తే ఎదురుగా ఉన్నది చిన్నో పెద్దో చూసే అలవాటు లేదు. గొంతు పోయేలా అరిచాను. నా గొంతు కోసేరన్నాను. మూడేళ్ళు నన్ను మోసం చేసేరన్నాను. ఇంట్లోంచి పిన్నిగారు పరుగెత్తుకొచ్చి, సంగతి అర్థం కాక ఆయన వంకా నా వంకా చూశారు.

ఆయన బకెట్టు కింద పెట్టి, నేను ఆయాసంతో ఆగేదాకా ఆగారు.

"ముందు భోంచెయ్యండి మేడంగారూ. తరవాత తిడుదురుగాని" అన్నారు.

నేను తిననన్నాను. అప్పుడాయన నా పక్కన, కొంచెం ఎడంగా, గట్టు మీద కూర్చున్నారు.

"క్యాంపులో వరసగా కూచోబెట్టేవోరండి. ఈ దేశం వోళ్ళకి మాంసం, ఆ దేశం వోళ్ళకి ఉత్త పులుసు. పక్కపక్కనేనండి, ఒకటే బల్ల. పెట్టమన్నది పైవోడు, వడ్డించింది నేను. మా ఊరి కుర్రోళ్ళు కూడా పులుసు బల్లలోనే ఉండేవోరు. నా మొహం చూసేవోరు కాదండి." కాసేపు గరిటె కాడ మీద మట్టి తుడిచారు. "భోజనాల బంతిలో వలపక్షం చెయ్యకూడదంటారు. కడుపు కోసం అక్కడ చేసేను. సొంత తోటలో కూడా చెయ్యమంటే నా చెయ్యి ఆడలేదండి. మీకు చెబితే బాధపడతారని చెప్పలేదు."

నేను బాధపడకూడదని నన్ను నిలువునా ముంచారు. మా ప్రాంతపు మర్యాద ఇలాగే ఉంటుంది. ఎదుటివాళ్ళకి కాదని చెప్పడం కంటే ఔనని చెప్పి తమకి తోచింది చేసుకోవడం ఇక్కడ సుఖం. మా ఇంట్లో నేనూ అంతే చేస్తాను. అయినా ఆ పూట తినకుండానే బస్సెక్కాను.

మేడమ్‌కి చెప్పాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "పాడైందంటే పాడైందని రాయి. ఒక్క అంకె కూడా ముట్టుకోకు" అన్నారు. ముట్టుకోవాలని నాకు లేదు. కానీ గట్టు అవతలి తోటలో పోయిన చెట్లు కళ్ళ ముందు మెదిలాయి. వాటినే మందు పొయ్యని చెట్లుగా రాసుకుంటే నా బూజు గెలిచినట్టే, అదీ నిజమే కావచ్చు. అయితే వాటిని నేను మొదట్నుంచీ కొలవలేదు. కొలవనిదాన్ని కొలిచానని రాయలేను.

కమిటీలో నలుగురు కూర్చున్నారు. జరిగింది చెప్పాను. గరిటె సంగతి దగ్గర ఒకాయన నవ్వు ఆపుకోలేకపోయారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు.

"దాచకుండా చెప్పేవు, సంతోషం. కానీ మంచితనానికి డాక్టరేట్ ఇవ్వరు కదమ్మా" అన్నారు.

గడువు ఒక్కసారి పొడిగించారు, ఫెలోషిప్ లేకుండా. ఈసారి కూడా ఫలితం తేలకపోతే పేరు కొట్టేస్తారు. అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పడానికి కుదురుకున్నాను. పెదనాన్నకి మాత్రం ఉద్యోగం వచ్చిందని చెప్పాను. ఆయన వీధంతా చాటాడు, అది ఇంకో తలనొప్పి.

మళ్ళీ తోటల వేట. గరిటె కథ నాకంటే ముందే ఊళ్ళు తిరిగింది. ఒక రైతు, "ఆ చావవలసిన చెట్లు మా తోటలోవే అవ్వాలాండి?" అని నవ్వుతూనే అడిగారు. తిరగగా తిరగగా మళ్ళీ బాబాయిగారే గతి అయ్యారు. ఆయన తోటలో ఇంటి వైపు చెట్లకి అప్పుడప్పుడే బంక కనబడుతోందని విన్నాను. వాటికి ఇంతవరకూ మందు పడలేదు. వెళ్ళి మళ్ళీ అడగాలంటే సిగ్గేసింది, కోపం ఇంకా పోలేదు కూడా. అయినా ఒక శనివారం బయల్దేరాను. ఇంట్లో లేరు. శనివారాలు ఆయన వాడపల్లిలో భోజనాల దగ్గర వడ్డనకి వెళ్తారని పిన్నిగారు చెప్పారు.

వాడపల్లిలో జనం ఇసుక వేస్తే రాలడం లేదు. ఏడు శనివారాల మొక్కువాళ్ళు ప్రదక్షిణాలు చేసి చేసి భోజనాల దగ్గరికి వస్తున్నారు. నేను లోపలికి వెళ్ళబోతే తలుపు దగ్గర ఆపేశారు. బంతి నిండిపోయింది, తర్వాత బంతికి రండి అన్నారు. ఆకలితో, ఎండలో, నా వెనక వందల మంది నిలబడ్డారు. అందరికీ లోపల తినేవాళ్ళు కనబడుతున్నారు. నాకు విసుగు వచ్చింది కానీ వరసలో ఎవరూ గొడవ పెట్టలేదు. పిల్లని చంకనేసుకున్న ఒకావిడ, "వస్తుందిలే, ఇంకో బంతి ఉంటాది" అని పిల్లకి సర్దిచెబుతోంది. ఆ మాట వింటూ వింటూ ఉండగా నాకు దారి కనబడింది. నేను ఇన్నాళ్ళూ రైతులతో సగం చెట్లకి పెట్టనని చెబుతూ వచ్చాను. ముందు సగానికి, ఏడాది ఆగి మిగతా సగానికి అని చెప్పొచ్చు. మొదటి బంతి చెట్లు ఎలా ఉన్నాయో, ఇంకా అందని చెట్లు ఎలా ఉన్నాయో ఈలోపు కొలుచుకుంటే చాలు. లెక్క తేలుతుంది, ఎవరినీ బంతిలోంచి లేపెయ్యక్కర్లేదు.

వడ్డన అయి బయటికొచ్చి ఆయన నన్ను చూసి గతుక్కుమన్నారు. మెట్టు మీద కూర్చుని చెప్పాను.

ఆయన అంతా విని, "అన్నం అయిపోదు కదండి?" అన్నారు.

"అయిపోదు. రెండో బంతి మందు ఇవ్వాళే మీ పెరటి అరుగు మీద పెట్టేస్తాను. పాతబడితే తీసి కొత్తది పెడతాను."

"ఆకలికి ఆగలేనియ్యి ఉంటేనో?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆయన్ని ఒప్పించకపోతే నా పేరు కొట్టేస్తారు. "కొన్ని ఆగలేకపోవచ్చు బాబాయిగారూ. అలా జరగదని చెప్పలేను" అన్నాను.

"అలా చెప్పేరు, బాగుంది" అన్నారాయన. "క్యాంపులో ఆ మాట ఎవరూ చెప్పేవోరు కాదు. అయితే ఏది ముందో ఏది వెనకో మీరూ ఎంచకూడదు, నేనూ ఎంచకూడదండి."

చీట్లు వేశాం. పిన్నిగారి చేతే తీయించాం. ఒక్కో చీటీ విప్పి నేను పైకి చదువుతుంటే ఆయన సున్నంతో చెట్టుకి గుర్తు పెడుతున్నారు. సగం అయ్యాక, ఈమధ్యే బంక మొదలైన నూతి పక్క చెట్టు వచ్చింది. రెండో బంతి. పిన్నిగారి చెయ్యి చీట్ల గిన్నెలోనే ఉండిపోయింది.

"మళ్ళీ తియ్యకూడదాండి?" అన్నారు బాబాయిగారు నెమ్మదిగా.

కూడదన్నాను. ఒకటి మార్చడం మొదలుపెడితే మిగతా చీట్లకి విలువుండదు. నేను ఆ మాట ఎంత మెత్తగా అన్నా అది కూడదనే. పిన్నిగారు ఆ గిన్నె నా ముందుకి జరిపి లోపలికి వెళ్ళిపోయారు. మిగిలిన చీట్లు నేనే తీశాను. ఆ రోజు నాకు బొండాం రాలేదు, అడిగే మొహమూ నాకు లేదు.

మందు సంచులు అరుగు మీద పెట్టాం. పోనీ గదిలో పెట్టి తాళం వేద్దామన్నాను. "తాళం వేస్తే ఇంక మాటెందుకండి" అన్నారాయన. కాదనలేక ఒప్పుకున్నాను. ఆ అరుగు మీద, గుమ్మానికి బారెడు దూరంలో, పిన్నిగారి చెట్టుకి కావలసిన మందు తాళం లేకుండా కూర్చుంది. నూతికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ దాన్ని దాటుకునే వెళ్ళాలి.

ఆ ఏడాది నేను బతికింది ఆ అరుగు మీదే అనిపిస్తుంది. కాలేజీలో పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఆవిడ ఒక్క చెంబు పోస్తే చాలు. చీకటి పడ్డాక, ఆయనకి కూడా తెలియకుండా. ఆవిడ స్థానంలో నేనుంటే పోసేదాన్ని. నెలకోసారి వెళ్ళి ముందు సంచుల వంక చూసేదాన్ని, తర్వాత చెట్ల వంక. మొదటి బంతి చెట్లలో మరకలు ఆగుతున్నాయి. రెండో బంతి చెట్లలో పాకుతున్నాయి. అన్నింటికంటే వేగంగా నూతి పక్క చెట్టులో పాకుతోంది. ఆ మాను దగ్గర టేపు పట్టుకుని వంగినప్పుడు వంటింటి కిటికీలోంచి ఆవిడ చూస్తున్నారని నా వీపుకి తెలిసేది. అన్నం పెట్టేవారు. కూర, పప్పు, పులుసు, ఏదీ తక్కువ చెయ్యలేదు. మాట మాత్రం లేదు. ఎప్పుడూ కబుర్లు చెప్పే మనిషి గిన్నె పెట్టి పక్కకి తిరిగిపోయేవారు.

రెండో బంతి పాదుల మట్టి తెచ్చి ప్రతిసారీ పళ్ళేల్లో వేసేదాన్ని. నూతి పక్క చెట్టు పళ్ళెం చివరికి ఉంచుకునేదాన్ని. ఆకుపచ్చ కనబడితే నా పని అయిపోయినట్టు. ఎప్పుడూ కనబడలేదు. పళ్ళెం శుభ్రంగా ఉంటే గుండె నిండా ఊపిరి పీల్చుకునేదాన్ని. ఆ శుభ్రం అంటే ఆవిడ చెట్టుని ఆదుకునేది అక్కడ ఏమీ లేదని అర్థం. అది గుర్తొచ్చి పీల్చిన ఊపిరి వదలడానికి సిగ్గేసేది. మేడమ్‌తో ఒకసారి చెప్పుకుంటే, "సిగ్గుపడు. పళ్ళెం మాత్రం ఇంకోసారి వెయ్యి" అన్నారు.

వానలు వెనకబట్టాక నూతి పక్క చెట్టుకి మొవ్వు దగ్గర మట్టలు కురచబడ్డాయి. గెల వెయ్యడం మానేసింది. రెండో బంతి తేదీకి ఇంకా కొన్ని వారాలుంది. బాబాయిగారు ఒకరోజు ఫోను చేసి, "మేడంగారూ, ఒకటడగనాండి. కాస్త ముందుగా పెట్టేస్తే ఏమైనా అవుతాదా?" అన్నారు. ఆయన అడగడం అదే మొదటిసారి. పాత రోజుల్లో అయితే అడిగేవారు కాదు, గరిటె పట్టుకునేవారు. అడిగారు కాబట్టే నాకు ఏడుపొచ్చింది. ఆ చెట్టుకి ఇప్పుడు పోసినా ఉపయోగం లేదని నాకు తెలుసు. పోస్తే మిగతావాటికీ పొయ్యాలి, పోస్తే ఏడాది పోతుంది.

"అవుతుంది బాబాయిగారూ" అన్నాను.

"ఆయ్" అన్నారు. ఈసారి ఆ మాటకి ఒప్పుకున్నానని అర్థం.

గాలికి నూతి మీద పడుతుందేమోనన్న భయంతో చివరికి ఆ చెట్టు కొట్టించేశారు. నాకు కబురు చేశారు. ఎందుకు రమ్మన్నారో తెలియకుండానే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి మాను నేల మీద ఉంది. చెట్టెక్కి దింపు తీసే అతను తల నరికి మట్టలు ఒలిచి లోపల తినడానికి పనికొచ్చే లేత మొవ్వు తీశాడు. చెట్టు కొట్టినప్పుడు మొవ్వు అందరికీ పంచడం మా వైపు అలవాటు. తెగులుతో అంతదాకా పోయిన చెట్టులో మంచి ముక్క దొరుకుతుందని నేను అనుకోలేదు. చిన్నదే, కానీ తెల్లగా ఉంది.

పిన్నిగారు అరటాకు పరిచి, కత్తిపీట మీద దాన్ని నాలుగు ముక్కలు చేశారు. ఒకటి దింపు అతనికి, ఒకటి ఆయనకి, ఒకటి తనకి. నాలుగోది నా చేతిలో పెట్టారు. ఏడాదిగా నాతో మాట్లాడని మనిషి అప్పుడు మాట్లాడారు.

"వడ్డించేవోడు మనోడైతే కడబంతిలో కూచున్నా పర్లేదంటారు కదండి" అన్నారు. "వడ్డించేది మా ఆయనే. మందు నా అరుగు మీదే ఉంది. దీనికి మట్టుకు అందలేదు."

ముక్క చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

"తినండి. సమానంగానే కోసేను" అన్నారావిడ.

తిన్నాను. తియ్యగా ఉంది. అది తియ్యగా ఉండకపోతే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. తర్వాత డాక్టరేట్ పరీక్షకి వచ్చిన పెద్దలు నా పట్టికలో ఒకచోట వేలు పెట్టి, మందు అందని వరసలో ఇక్కడ ఒక చెట్టు చనిపోయిందా అని అడిగినప్పుడు, అవునండీ అన్నాను. ఆ ఒక్క చెట్టు వల్ల తేడా ఇంకా గట్టిగా నిలబడిందని వాళ్ళలో ఒకరు మెచ్చుకున్నారు. ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది. పెదనాన్న వేళాకోళం మానేశాడు. నా నాలిక మీద ఆ రుచి మాత్రం పోలేదు.

చెట్టు కొట్టించిన కొద్ది రోజులకే వచ్చిన రెండో బంతి రోజు నేను కూడా ఉన్నాను. బాబాయిగారు నేను చెప్పిన కొలత ప్రకారం, ఒక్క చుక్క ఎక్కువ నీళ్ళు పొయ్యకుండా మందు కలిపారు. క్యాంపు గరిటె తీసుకుని వరసలో చివరి నుంచి మొదలుపెట్టారు. ఒక్కో పాదు దగ్గర వంగి, నిండు గరిటె పోసి, పక్కదానికి వెళ్తున్నారు. పిన్నిగారు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. వరస నూతి దగ్గరికొచ్చింది. మొదలు తవ్వేసిన గొయ్యి అక్కడ ఇంకా పూడ్చలేదు. ఆయన దాని ముందు ఆగి నా వంక చూశారు.

నేను తల ఊపాను. ఆయన వంగి, ఆ ఖాళీ గోతిలో కూడా నిండు గరిటె పోశారు.